అచ్చంగా ఆఫీసు గది

"ఆ మంచం కూడా తీసెయ్" అన్నాడు చక్రపాణి గుమ్మంలోనే నిలబడి.

"మడతమంచంరా బాబూ!"

"ఏ మంచమైనా మంచమే. ఇక్కడెవరో పడుకుంటున్నారని వాళ్లకి డౌట్ వచ్చిందా, నీ డిడక్షన్ గోవిందా!"

శ్యామ్‌సుందర్ ఉసూరుమంటూ మంచాన్ని గరాజ్‌లోకి ఈడ్చుకెళ్లాడు.

అమెరికాలో, ట్రాయ్ అనే ఊళ్లో అతని కంపెనీ 2009లో ఆఫీసు ఎత్తేసి, ఇంజనీర్లందరినీ ఇళ్ల నుంచే పనిచేయమంది. అద్దె దానికి మిగిలింది, కరెంటు బిల్లు ఇతనికి తగిలింది. ఆ ఉక్రోషంతో మేడమీది చిన్నగదిని హోమ్ ఆఫీసుగా చూపించి టాక్స్ తగ్గించుకున్నాడు. నిజానికి అతను లాప్‌టాప్‌తో కూర్చునేది కింద, టీవీ ముందు సోఫాలో. రెండేళ్లు హాయిగా గడిచాక, ఆఫీసరు ఇంటికొచ్చి గది చూస్తారని ఆడిట్ ఉత్తరం వచ్చింది. అలాంటి ఆడిట్‌లోంచి కిందటేడు క్షేమంగా బయటపడ్డవాడు చక్రపాణి.

"ఒక్కటే గుర్తుపెట్టుకో. ఈ గదిలో ఆఫీసు పని తప్ప ఇంకేం జరగదు. నవ్వుతూ అడిగేవాళ్లతో మరీ జాగ్రత్త" అని చెప్పి వెళ్లిపోయాడు.

వసుమతి మెట్లెక్కి వచ్చి ఖాళీ గదిని చూసింది.

"నా సామానంతా గరాజ్‌లో పడేశారా? రేపో మాపో వాళ్లు కూడా వస్తారండీ. ఏమనుకుంటారు?"

"ముందు ఈ గండం గట్టెక్కనీ. నీ వాళ్ల సంగతి తర్వాత."

"నా వాళ్లా!" అని మూతి బిగించి దిగిపోయింది.

గురువారం పొద్దున వసుమతి స్నానానికి వెళ్లినప్పుడు కాలింగ్ బెల్ మోగింది. తలుపు తీస్తే, ఫైలు పట్టుకుని ఒక తెల్లజుట్టు అమెరికన్ ఆవిడ నవ్వుతూ నిలబడి ఉంది.

"నా పేరు హార్పర్. ఒకసారి మీ ఇల్లు చూద్దామని..."

"మీ కోసమే చూస్తున్నాం మేడమ్, రండి రండి!"

మాట పూర్తి చెయ్యనివ్వకుండా తిన్నగా మేడమీదికి తీసుకెళ్లాడు.

"ఎండ చక్కగా పడుతోందే! ఈ గదిని ఏం చేద్దామనుకుంటున్నారు?" అందావిడ.

నవ్వుతూ అడిగింది. శ్యామ్‌సుందర్ జాగ్రత్తపడ్డాడు.

"అనుకునేదేముంది మేడమ్? అచ్చంగా ఆఫీసే. ఇందులో ఎవరూ పడుకోరు. పడుకోనివ్వను."

ఆవిడ నవ్వు కొంచెం తగ్గింది. "మరి పిల్లలొస్తే?"

వల వేస్తోందనుకున్నాడు. "అడుగు పెట్టనివ్వను! మొన్న మా ఫ్రెండ్ కూతురు తన్వి బొమ్మ పట్టుకుని వస్తే, బయటికి పంపి గడియ పెట్టేశాను."

నిజానికి తన్వి ఆ రోజంతా అతని వీపెక్కి ఏనుగాట ఆడింది. దిగమంటే దిగలేదు. దించాలని అతనికీ అనిపించలేదు. ఆడిట్‌కి ఆ వివరం అనవసరం.

"మీ భార్యకి ఇది సమ్మతమేనా?"

"గోడలకి పసుపు రంగు వేద్దామని గొడవ చేస్తుంది. కుదరదన్నాను."

"ముందు ముందు మీ మనసు మారవచ్చేమో?"

"చచ్చినా మారదు మేడమ్. కావాలంటే రాసుకోండి!"

ఆవిడ రాసుకుంది. చాలాసేపు రాసుకుంది. కలం కదులుతున్నకొద్దీ శ్యామ్‌సుందర్ ఛాతీ ఉబ్బింది. చక్రపాణికి పార్టీ ఇవ్వాల్సిందే అనుకున్నాడు.

అంతలో గొంతు విని, తలకి తువ్వాలుతోనే వసుమతి పరుగెత్తుకొచ్చింది.

"మిసెస్ హార్పర్! మీరెప్పుడొచ్చారు?"

టాక్స్ ఆఫీసరు ఈమెకెలా తెలుసా అని శ్యామ్‌సుందర్ తెల్లబోయాడు. హార్పర్ ఫైలు మూసి, వసుమతి వైపు జాలిగా చూసింది.

"మరి మేము దత్తతకిచ్చే పాపాయిని ఎక్కడ పడుకోబెడతారు?"