కవర్ మాఫీ

“హెల్మెట్‌లో ఎర్రగడ్డలు పోస్తారా అమ్మా ఎవరైనా?”

“శుక్రవారం ఖాళీగానే ఉండాది గదా. రేపు పొద్దున తీసిస్తాలే,” అంది చెంచులక్ష్మి గిన్నెలు తోముతూనే.

సౌదీలో, ఈ జుబైల్లో తెల్ల హెల్మెట్ అంటే ఇంజనీరని హాసిని వాదించింది. తెల్లదైతే మురికి ఇంకా బాగా కనబడుతుందని తల్లి తేల్చేసింది.

గడ్డలు కుమ్మరించి హాసిని బాల్కనీలో కూర్చుంది. నిజానికి కోపం వాటి మీద కాదు. రెండు రోజులుగా మనసులో ఏదో తిరకాసు. అదేమిటో తెలియడం లేదు.

ఇంటావంటా కాలేజీ గడప తొక్కింది తనొక్కతే. తండ్రి మనోహర్ చదువు ఐదో తరగతి. ఇరవై ఏళ్లుగా ఇక్కడి ఫ్యాక్టరీల్లో పరంజాలు కడుతున్నాడు. తను రాజంపేటలో సివిల్ చదివి, ఇక్కడ పనిలో చేరి మూడు వారాలే. మూడు నెలలు తప్పు లేకుండా గడిస్తేనే ఉద్యోగం ఖాయం.

మధ్యాహ్నం అన్నాల దగ్గర అడిగేసింది.

“నాయనా, ఇక్కడ పిల్లర్లకు కవర్ మాఫీ చేస్తారా?”

మనోహర్ ముద్ద ఆపాడు. “ఏం మాఫీ?”

ఆమె చెప్పుకొచ్చింది. బుధవారం ఎనిమిది పిల్లర్ల కమ్మీలు తనిఖీ చేస్తుంటే, ముఖానికి గుడ్డ చుట్టుకున్న ముసలి హెల్పరొకడు వెంటపడ్డాడు. కమ్మీలు చూపించి “కవర్ మాఫీ, ముహందిసా” అన్నాడు. ముహందిసా అంటే ఇంజనీరమ్మా అని, ఆ ఒక్క మాటే ఆమెకు తెలుసు. అతను మళ్లీ అన్నాడు. “ఓకే, మాఫీ,” అని ఆమె నవ్వి తనిఖీ కాగితం మీద సంతకం పెట్టేసి, మేనేజర్ పిలిస్తే వెళ్లిపోయింది. గురువారం పొద్దున కాంక్రీటు పోసేశారు.

“కమ్మీకీ చెక్కకీ నడుమ ఎడం కోసం సిమెంటు బిళ్లలు కట్టాల గదా. అదే కవర్. లేకుంటే ఈ ఉప్పుగాలికి కమ్మీ తుప్పు పట్టి పిల్లర్ పగిలిపోతాది. పుస్తకంలో యాడా మాఫీ లేదు. ఇక్కడ రుణమాఫీ మాదిరి ఏమన్నా ఉందేమో అనుకున్యా.”

మనోహర్ చెయ్యి పళ్లెంలోనే ఉండిపోయింది.

“అరబ్బీలో మాఫీ అంటే లేదు అని, పాపా. కవర్ లేదు, కవర్ లేదు అని మొత్తుకున్యాడు ఆయప్ప.”



“లోపలిది ఎవరికి కనబడతాది?” అంది చెంచులక్ష్మి మెల్లగా.

హాసిని ఎడమచేత్తో ఫోనందుకుని సైటు ఫోర్‌మన్ చాంద్ బాషాకు చేసింది. తప్పు తనదేననీ, పిల్లర్లు పగలగొట్టాలనీ చెప్పింది.

అవతల ఆయన చాలాసేపు మాట్లాడాడు. ఈమె ఊకొట్టింది. ఒక్కసారి మాత్రం, “ఇప్పుడు యాడుండాడు?” అని అడిగింది.

ఫోను పెట్టేశాక విషయం చెప్పింది. బిళ్లలు ఉన్నాయట. బుధవారం ఆ హెల్పర్ కూలీల క్యాంపుకు పోయే బస్సు వదులుకుని, చెక్కలు బిగించకముందే ఎనిమిదింటికీ తనే కట్టాడట. ఎవరు కట్టమన్నారంటే “ముహందిసా చెప్పింది” అన్నాడట. నిన్న సాయంత్రమే ఫైనల్ ఎగ్జిట్ మీద విమానమెక్కాడు. ఇక రాడు.

“గండం గడిచింది. తిను,” అంటూ తల్లి కూర వడ్డించింది.

హాసిని పళ్లెం ముట్టలేదు.

“ఉద్యోగం పోయినా సరే, రేపు మేనేజర్‌కి అంతా చెప్పి ఆ కాగితం మీద నా సంతకం కొట్టేసి ఆయన పేరు రాయిస్తా. సూడాన్ యుద్ధంలో కాలేజీ తగలబడి, పట్టా నిజమేనని చెప్పేవాళ్లు లేక హెల్పరయినాడంట గానీ, పోయిన నెల దాకా నా కుర్చీలో కూచున్న ఇంజనీరు ఆయనేనంట.”