టోపీ కింద గులాబీ

నాగమణి ఫ్లాస్కులో తెచ్చింది టీ కాదు, గోరువెచ్చని నీళ్లు.

మణికొండలోని ఆ అపార్ట్‌మెంట్ల క్లబ్‌హౌస్‌లో ఏటా చలికాలంలో పూల పోటీ జరుగుతుంది. ఎవరి కుండీలో పూసిన గులాబీని వాళ్లు కాడతో సహా కోసి తెచ్చి, క్లబ్బువాళ్లు చన్నీళ్లు పోసి ఉంచిన సీసాలో నిలబెట్టాలి. చలిగాలి తగలకుండా పువ్వుకు కాగితం టోపీ పెడతారు. జడ్జి వచ్చి టోపీ తీసేదాకా సొంతదారు తన సీసాను వేలితో కూడా ముట్టుకోకూడదు. ముట్టుకుంటే పోటీలోంచి అవుట్.

రెండేళ్లుగా మొదటి బహుమతి పార్వతమ్మది, రెండోది నాగమణిది. వరసగా మూడోసారి కూడా గెలిస్తే వెండి కప్పు ఇక పార్వతమ్మ షోకేసులోనే ఉండిపోతుంది. ఆ సంగతి తలుచుకుంటే నాగమణికి ముద్ద దిగడం లేదు. తను పుట్టి పెరిగిందే మణికొండలో. నిన్నగాక మొన్న కర్నూలు నుంచి వచ్చినావిడ కప్పు పట్టుకుపోతుంటే ఎవరికి మాత్రం మండదు?

అలాంటిది నిన్న సాయంత్రం వాకింగ్‌లో పార్వతమ్మే తన గుట్టు తాను విప్పుకుంది.

“ఈ తూరి నా పువ్వు ముందే బాగా విచ్చుకునేసింది మేయ్. ఫ్రిజ్‌లో పెట్టి ఎట్లో ఆపినా. రేపు రవ్వంత వెచ్చని నీళ్లు తగిలితే చాలు, రెక్కలన్నీ రాలిపోతాయి. ఎవురికీ చెప్పొద్దు.”

“నేనెందుకు చెప్త అక్కా? నువ్వు ఫికర్ చెయ్యకు,” అంది నాగమణి. అన్నట్టే ఎవరికీ చెప్పలేదు. ఫ్లాస్కు మాత్రం కడిగి పెట్టుకుంది.

హాలు గుమ్మంలో ప్రియాంక అనే అమ్మాయి కాపలా ఉంది. ఆ పిల్లను ఎలా కదిలించాలా అని నాగమణి బుర్ర బద్దలు కొట్టుకుంటుంటే, టిఫిన్లు పెడుతున్న లాన్‌లోంచి పార్వతమ్మ పిలుపు వినిపించింది.

“పాపా, రా, ఉప్మా సల్లగైపోతాది. నిలబడి నిలబడి కాళ్లు పడిపోతాయి.”

“పో బిడ్డా, తినిరా. జరసేపు నేను జూస్త,” అంది నాగమణి, వెతకబోయిన తీగ కాలికి తగిలినందుకు మురిసిపోతూ.

హాలు ఖాళీ అయింది. నాగమణి గబగబా వెళ్లి, పార్వతమ్మ సీసాలోని చన్నీళ్లు సగం కిటికీ బయటికి ఒంపి, ఫ్లాస్కులోని నీళ్లు పోసింది. అయ్యో పాపం అనిపించింది. అంతలో వెండి కప్పు గుర్తొచ్చి ఆ పాపం కాస్తా పక్కకు తప్పుకుంది.

జడ్జి వెంకటనారాయణ ఉద్యానశాఖలో పనిచేసి రిటైరైన పెద్దమనిషి. రాయదుర్గం ట్రాఫిక్‌ను తిట్టుకుంటూ ఆలస్యంగా వచ్చారు.

“మొగ్గలా ముడుచుకున్నా మార్కుల్లేవు, పూర్తిగా విచ్చుకుపోయినా లేవు. మధ్యలో ఆగాలి,” అంటూ టోపీలు తీయసాగారు.

నాగమణి ఎర్రగులాబీని చూసి మెచ్చుకోలుగా తలాడించారు. తర్వాత పార్వతమ్మది. రెక్కలు బల్లమీద రాలడం చూడాలని నాగమణి మెడ సాచింది.

ఒక్క రెక్కా రాలలేదు. పసుపు గులాబీ సరిగ్గా సగం విచ్చుకుని, నడుమ ముడుచుకున్న రెక్కల మొన చెక్కుచెదరకుండా నిలబడి ఉంది.

“పువ్వంటే ఇదండీ,” అన్నారు జడ్జి. మొదటి బహుమతి చీటీ దానికే పడింది.

నాగమణి పని కుడితిలో పడ్డ ఎలుకలా అయింది. అన్యాయమని అరుద్దామంటే నీళ్లు పోసింది తానే. ఏడుపొచ్చింది, మింగుకుంది.

కప్పు చంకన పెట్టుకుని పార్వతమ్మ వచ్చి, ఆప్యాయంగా భుజం మీద చెయ్యేసి చెవిలో చెప్పింది.

“ఈ చలికి బిగుసుకుపోయి విచ్చుకోనంటే విచ్చుకోనని కూర్చుంది మేయ్ ఆ మొగ్గ. వెచ్చని నీళ్లు ఇంట్లోనే పోస్తే జడ్జి వచ్చేలోగా పూర్తిగా విచ్చుకునేస్తాది, ఈడ నేను పోస్తే అవుట్ చేస్తారు గదా, అందుకే నిన్న నీకు చెప్పినా.”