నగరి జట్టుకు ఒకే ఒక్కడు

"గిరిని ఎడంపక్క నిలబెట్టొద్దు సార్. మధ్యలో ఉంటేనే వాడు ఆడతాడు."

మునిచంద్ర వెనక్కి తిరిగి చూశాడు.

గ్రౌండు తెల్లగీత అవతల డెబ్బై ఏళ్ల పెద్దాయన నిలబడి ఉన్నాడు. చెమటకు తడిసిన చొక్కా. తల మీద తువ్వాలు.

అది హాఫ్‌టైం. నగరి మరమగ్గాల కార్మికుల ఫుట్‌బాల్ జట్టు రెండు గోల్స్ వెనకబడి ఉంది.

మునిచంద్ర ఆ జట్టుకు కొత్త కోచ్. గూడూరు నుంచి వచ్చి రెండు నెలలైంది. వచ్చాక నాలుగు ఆటలు ఆడారు. నాలుగూ ఓడారు.

"మీరెవరు?" చిరాగ్గా అడిగాడు.

"అభిమానిని సార్. మన నగరి వోణ్ణే. లీగు ఆటలన్నీ ఈ తిరుపతిలోనే కదా, వారం వారం బస్సెక్కి వస్తా ఉండా."

"అయితే పోయి కూర్చుని చూడండి."

"అట్లే సార్."

పెద్దాయన గ్యాలరీ చివరికి పోయి ఎండలో ఒక్కడే కూర్చున్నాడు.

మునిచంద్రకు ఒకటి వింతగా తోచింది. సొంత ఊరి మనిషి అంత దూరం నుంచి వస్తే, ఆటగాళ్లలో ఒక్కడూ పలకరించలేదు. అటువైపు చూడను కూడా లేదు.

ఊళ్లో ఎవరికీ పట్టని మనిషేమో అనుకున్నాడు.

ఆ ఆటా పోయింది.

సాయంత్రం జట్టు కమిటీ ప్రెసిడెంటు ఫోన్ చేశాడు. "ఇంకొక్కటి ఓడితే మీ దోవ మీరు చూసుకోండి సార్."

నగరిలో అద్దె గదికి వచ్చి మునిచంద్ర తలుపేసుకున్నాడు. గోడ అవతల మగ్గాలు టకటకలాడుతున్నాయి. ఆ ఊళ్లో మనసు విప్పి చెప్పుకోవడానికి ఒక్కరూ లేరు. గూడూరులో ఉన్న భార్యకు చెబితే బెంగ పెట్టుకుంటుంది. అన్నం తినకుండానే పడుకున్నాడు.

మరుసటి ఆదివారం ఆట మొదలు కాకముందే పెద్దాయన మళ్లీ గీత దగ్గరికి వచ్చాడు.

"కోపం చేసుకోవద్దు సార్. మనోళ్లు బంతిని సూస్తా ఎదుటి జట్టు మనిషిని ఇడిసిపెడతా ఉండారు. గిరిని గానీ మధ్యలో..."

మునిచంద్రకు ఒళ్లు మండింది.

"ఎప్పుడైనా బంతి తన్నిన మొహమేనా మీది? పనీపాటా లేక బస్సెక్కి వచ్చి నా ప్రాణం తీస్తున్నారు! ఇంకోసారి ఈ గీత దగ్గర కనబడొద్దు!"

ఆటగాళ్లందరూ తలలు దించుకున్నారు. కెప్టెన్ గిరి ఒక్క అడుగు ముందుకు వేశాడు. పెద్దాయన వద్దన్నట్టు కళ్లతోనే వారించాడు. గిరి ఆగిపోయాడు.

"తప్పైపోయింది సార్" అని పెద్దాయన మెల్లగా గేటు దాటి బయటికి వెళ్లిపోయాడు.

హాఫ్‌టైంకు నగరి ఒక గోల్ వెనకబడింది.

ఎటూ పోయే ఉద్యోగమే కదా అని మునిచంద్ర గిరిని మధ్యలోకి మార్చాడు.

రెండు ఒకటితో నగరి గెలిచింది!

కుర్రాళ్లు అతన్ని ఎత్తుకుని ఎగిరారు. అతని కళ్లు మాత్రం గ్యాలరీ చివరను వెతికాయి. అక్కడెవరూ లేరు.

గేటు బయట టీ బండి తిరుమలమ్మను అడిగాడు. "తువ్వాలు కట్టుకున్న పెద్దాయన ఒకాయన..."

"నగరి తాతా? ఇంతసేపూ ఈ గోడ పక్కనే నిలబడుకోని లోపలి అరుపులు వింటా ఉన్నాడు. మీరు గెలిచినారని తెలిసినాక బస్సుకు పోయినాడు."

"నా మీద కోపంగా ఉన్నాడా?"

"ఆయనకా? పోయిన వారం ఈడ నలుగురు మిమ్మల్ని తిడతా ఉంటే వాళ్లతో కొట్లాడినాడు సామీ. 'ఇదివరకు మా పిల్లోళ్లు సగం ఆటకే రొప్పుతా పడిపోయేవోళ్లు. ఈ అబ్బి వచ్చినాక కడదాకా పరిగెత్తతా ఉండారు. మంచి కోచ్ అప్పా, నాలుగు దినాలు ఓపిక పట్టండి' అన్నాడు."



ఆ తర్వాతి ఆదివారం మునిచంద్ర తన పక్కనే ఒక కుర్చీ వేయించాడు. పెద్దాయన రాగానే చేతులు పట్టుకుని కూర్చోబెట్టాలనుకున్నాడు.

జట్టు గెలిచింది. కుర్చీ ఖాళీగానే ఉంది.

ఆ పై వారమూ అంతే.

సోమవారం గిరి వచ్చి తల గోక్కున్నాడు. "సార్, ఈ పొద్దు ప్రాక్టీసుకు రాలేము. రెండు వారాలుగా మంచాన ఉండిన తెలిసిన పెద్దాయన పోయినాడు."

"ఎవరెవరు రాలేరు?"

"అందరమూ సార్."

జట్టంతా పోతుంటే గదిలో ఒక్కడే ఉండలేక మునిచంద్ర కూడా వెంట వెళ్లాడు.

ఆ వీధిలో మగ్గాలన్నీ ఆగిపోయి ఉన్నాయి. ఒక రేకుల ఇంటి ముందు పాడె కడుతున్నారు. పక్కన చాప మీద పడుకోబెట్టిన మనిషి మొహం మునిచంద్ర వంగి చూశాడు.

ఆ పెద్దాయనే.

గ్రౌండులో ఒక్కసారైనా పలకరించని ఆటగాళ్లు ఇప్పుడు ఆయన కాళ్లు పట్టుకుని వెక్కివెక్కి ఏడుస్తున్నారు.

"గిరీ, ఈయన మీకు ఏమవుతాడు? ఒక్కరోజైనా పలకరించలేదు కదయ్యా మీరు!"

గిరి మోచేత్తో కళ్లు తుడుచుకున్నాడు.

"మీకు ముందు పద్నాలుగేండ్లు మాకు కోచ్ ఈయనే సార్. 'నన్ను పలకరించినారంటే ఆ కొత్తాయన మాట మీకెక్కదురా, గ్రౌండులో నా పక్క సూడనే సూడొద్దు' అని మా అందరిచేతా ఒట్టేపిచ్చుకున్నాడు."