నోరు లేని ఇల్లు

జక్కమ్మ రెండో పాట ఎత్తుకోగానే రంగనాయకికి ఒళ్లు మండిపోయింది. అది తన పాట.

1938 వేసవి. చోళపురం నుంచి వచ్చిన జక్కమ్మ జట్టు పాట రాజపాళయం పత్తి అంగళ్ల వీధిలో వినబడడం అదే మొదలు. మైకు లేదు. ఒక ఉరుమి డోలు, తాళాలు, ఆడవాళ్ల గొంతులు. జనం మైమరచి వింటున్నారు.

రాజుల ఇంటి కోడలు గొంతెత్తరాదని మామగారు శాసించాక, పెరట్లో పత్తి ఏరుతూ రంగనాయకి తనలో తానే కూనిరాగంగా కట్టుకున్న పాట అది.

పాట ముగియగానే ఆమె జనాన్ని తోసుకుంటూ పోయి జక్కమ్మ చెయ్యి పట్టుకుంది.

"ఎవరిచ్చినారే నీకు ఈ పాట్టు? మా పెరట్లో నక్కి విన్నావా?"

"లేదమ్మా. మీ ఇంటాయనే వారం వారం మా ఊరొచ్చి నేర్పినారు. 'ఇంట్లో ఆమెను పాడనీరు, మీరన్నా నలుగురికీ వినిపించండి' అన్నారు."

రంగనాయకి తిరిగి చూసింది. ముందు వరస కుర్చీలో మామగారు. ఆయన వెనక తల వంచుకుని నిలబడ్డ భర్త.

ఆమె మెత్తబడుతుందనుకుంది జక్కమ్మ.

"చోళపురం దాకా పోయినారే! మీ నాయన ముందర ఒక్క మాట అనేదానికి నోరు రాలేదా?" రంగనాయకి కేక వీధంతా వినబడింది. "ఉరుమి కొట్టండి. నా పాట్టు నేనే పాడతాను."

పాడింది.

మామగారు విసురుగా లేచారు. "నడువురా ఇంటికి!"

కొడుకు కదల్లేదు. అందరూ చూస్తుండగా, పాట వినడానికి నేల మీద కూర్చున్నాడు.