గోడ మీద పసుపు

“మాస్టారూ, గోడకి ఇంత పసుపు ఎవుడెయ్యమన్నాడు?”

ప్రెసిడెంటు జగదీశ్వరరావు బండి దిగకుండానే అడిగాడు. డ్రాయింగ్ మాస్టారు తిరుమలరావు చేతిలో బ్రష్షు గాల్లోనే ఆగింది. బడి ప్రహరీ పొడుగునా రంగులేస్తున్న ఆరో తరగతి పిల్లలూ ఆగిపోయారు, ఒక్క సుప్రజ తప్ప. ఆ పిల్ల నాలిక బయటపెట్టి, జీడితోట మీద వెలుగు పరుస్తోంది.

“అది పసుపు కాదండీ, వెలుగు,” అన్నాడు మాస్టారు, ఈ ప్రశ్న కోసమే ఇన్నాళ్లూ బతికినట్టు. “దీన్ని ఇంప్రెషనిజం అంటారు. ఫ్రాన్సులో పుట్టింది. చెట్టును చెట్టులా వెయ్యకూడదు. దాని మీద ఆ క్షణాన పడ్డ వెలుగు వెయ్యాలి.”

“ఫ్రాన్సులో పంచాయితీ ఎలక్షన్లు ఉన్నాయేటి?”

మాస్టారు చదివిన పుస్తకాల్లో ఆ సంగతి లేదు.

“ఇక్కడున్నాయి. పసుపు ఆల్ల పార్టీది. నాను ప్రెసిడెంటుగా ఉండగా బడిగోడ ఆల్ల రంగులో ఉంటే జనం ఏటనుకుంతారు?”

“దగ్గర నుంచి చూస్తే అలాగే ఉంటుందండీ. కాస్త వెనక్కి వెళ్లి చూడండి. రంగులన్నీ కంట్లో కలిసిపోయి తోట కనిపిస్తుంది.”

ప్రెసిడెంటు బండి దిగి వెనక్కి నడిచాడు. “ఇంకొంచెం,” అన్నాడు మాస్టారు. రోడ్డు దాటాడు. “ఇంకొంచెం.” అవతల కొబ్బరిచెట్ల కింద పోసిన కాయల గుట్ట ఎక్కి, అక్కణ్నుంచి కేకేశాడు.

“ఇప్పుడింకా పసుపుగున్నాది మాస్టారూ!”

ఆ కేకకి అవతలి పార్టీ నాయకుడు నాగేంద్రబాబు తోటలోంచి బయటికొచ్చాడు. ఇద్దరూ వరసకి బావాబావమరుదులు.

“ఏటి బావా, గుట్టెక్కినావు? మీటింగా?” అని నవ్వి, గోడ వైపు తిరిగేసరికి ఆ నవ్వు పోయింది. “ఇంత నీలం ఏటి? మీ పార్టీ రంగు బడికి పూసీసి, పిల్లలేసినారంతావా?”

“అవి నీడలండీ,” మాస్టారు అడ్డం పడ్డాడు. “అసలు నీడ నల్లగా ఉండదు. శ్రద్ధగా చూస్తే నీలంగా ఉంటుంది.”

“నా నీడ నల్లగానే ఉన్నాది.”

అందరూ వంగి నాగేంద్రబాబు నీడను చూశారు. నల్లగానే ఉంది. మిట్టమధ్యాహ్నం ఇంప్రెషనిజానికి మంచి ముహూర్తం కాదని మాస్టారు మనసులో గొణుక్కున్నాడు.

“పసుపు తీసీండి,” అన్నాడు ప్రెసిడెంటు.

“అయితే నీలం కూడా తీసీండి,” అన్నాడు నాగేంద్రబాబు.

“వెలుగూ తీసి, నీడా తీసేస్తే ఇంకేం మిగుల్తుందండీ?”

మిగిలేది ఒక్క జీడిపండు. అది ఎర్రగా ఉంది. దాన్ని చూసి బావలిద్దరూ ఒకేసారి తల అడ్డంగా ఊపారు. ఎర్రజెండా వాళ్లు కూడా ఊళ్లో నాలుగిళ్లు ఉన్నారు మరి.

చివరికి హెడ్మిస్ట్రెస్ దమయంతి తీర్పు చెప్పింది. ఆవిడకి మాస్టారి మీద జాలి ఉంది గానీ, ఎలక్షన్లంటే భయం అంతకన్నా ఎక్కువ.

“గోడంతా తెల్ల సున్నం కొట్టించండి. సోమవారం పొద్దుటికి చుక్క రంగు కనబడిందా, మీ డ్రాయింగ్ పీరియడు లెక్కల మాస్టారికి ఇచ్చేస్తాను.”

మాస్టారు సర్వీసంతా పోరాడితే దక్కిన పీరియడు అది. ఫ్రాన్సును వదులుకోగలడు గానీ, దాన్ని వదులుకోలేడు. ఆదివారం దగ్గరుండి రెండు పూతలు కొట్టించాడు. చిన్నబుచ్చుకున్న పిల్లలకి మాత్రం, “చూడటం నేర్చుకున్నారు, అది చాలు. ఇక మీ కళ్లను ఎవరూ మోసం చెయ్యలేరు,” అని గొప్పగా చెప్పాడు.

సోమవారం ఇంకా టీ తాగకముందే ఫోను మోగింది.

“మాస్టారూ, మల్లీ ఏసీసినారు!” ప్రెసిడెంటు అరుస్తున్నాడు. “గోడంతా పసుపు! మద్దిలో నీలం సారలు! నాగేంద్రం బావ కూడా ఇక్కడే ఉన్నాడు, కావలిస్తే అడగండి!”

అద్దెగదిలోంచి మాస్టారు లుంగీ మీదే పరిగెత్తాడు. గోడ చూశాడు. నిజమే. ఈ చివర నుంచి ఆ చివరకి మెత్తటి పసుపు. మధ్య మధ్య నిలువునా నీలం చారలు. దూరంగా బస్సు దిగి దమయంతి మేడం ఇటే వస్తోంది.

“ఎవరర్రా వేసింది?” గేటు దగ్గర ఉన్న పిల్లల మీద విరుచుకుపడ్డాడు.

“మేం ముట్టుకోనేదు సార్,” అంది సుప్రజ.

“అయితే సున్నం పల్చగా కొట్టారు,” మాస్టారు నిపుణుడిలా తేల్చేశాడు. “కింది రంగు పైకి తేలింది. చూశారా, ఎంత జీవమున్న రంగులో!”

“జీవం సంగతి తరవాత. ముందు తుడిసీండి!” అన్నారు బావలిద్దరూ.

మాస్టారు తువ్వాలు తడిపి గోడకి పట్టించాడు. తువ్వాలుకి తెల్ల సున్నం తప్ప ఏమీ అంటలేదు. గోడ మీద పసుపు పోలేదు. ఇంకా గట్టిగా రుద్దాడు. ఆగలేక ప్రెసిడెంటు కండువా తీసి పసుపు మీద పడ్డాడు. నాగేంద్రబాబు పసుపును చూసీచూడనట్టు వదిలేసి, ఒక నీలం చార అందుకున్నాడు.

“సార్,” అంది సుప్రజ.

“ఉండమ్మా, పెద్దవాళ్లం చూసుకుంటున్నాం కదా!”

“కాదు సార్, మీ సెయ్యి సూసుకోండి.”

మాస్టారు చూసుకున్నాడు. చెయ్యంతా పసుపు. ప్రెసిడెంటు చొక్కా వీపంతా పసుపు. నాగేంద్రబాబు బట్టతల మీద సగం పసుపు, సగం నీలం.

“అయ్యో, అందరికీ అంటుకుంటోందండీ! కిరసనాయిలు తెండి!” అని కేకేశాడు మాస్టారు.

“రంగు కాదు సార్,” అంది సుప్రజ. “ఎండ.”