తువ్వాలు కింద నాలుగు వేళ్ళు

నోరు తెరవలేని మనిషిని మోసం చెయ్యడమంత సులువైన పని లోకంలో మరొకటి లేదని శ్రీరాములుకి ఆ ఉదయం ఇడ్లీ తింటూ ఉండగా తోచింది.

"ప్రభాకరం సింగపూర్ నుంచి దిగాడటే," అన్నాడు భార్య సుభద్రతో. "రెండు దవడలూ తీగలేసి కట్టేశారట. ఆరు వారాలు మాట లేదు. రేపు మన తోట బేరానికి వస్తున్నాడు."

నూజివీడు మామిడి వ్యాపారి ప్రభాకరరావుగారి దవడ సామాన్యమైనది కాదు. వీధి మలుపు దగ్గర ముందు గడ్డం తిరిగేది, వెనకాల తీరిగ్గా ఆయన తిరిగేవారు. పై పళ్ళూ కింది పళ్ళూ కలవక, అన్ని తోటలు కొన్న మనిషి పుట్టి బుద్ధెరిగి మామిడి ముక్క కొరికి ఎరగరు. చివరికి ఎనభయ్యారు మాఘమాసంలో బావమరిది ఆయన్ని సింగపూర్ రప్పించి, అక్కడి ఆస్పత్రిలో ఆ దవడని కోయించి వెనక్కి జరిపించాడు.

శ్రీరాములుకి ముసునూరు దగ్గర పన్నెండెకరాల మామిడితోట ఉంది. పదకొండేళ్ళుగా దాని కాపు ప్రభాకరరావుగారిదే. బేరం మాత్రం పాత పద్ధతి. తువ్వాలు కింద కొనేవాడు అమ్మేవాడి వేళ్ళు పట్టుకుంటాడు. వేలికి పదివేలు. కుదిరాక తువ్వాలు తీసి, అమ్మినవాడు ధర పైకి చెప్పాలి. కొన్నవాడు కాదనకపోతే ఖాయం.

"నాలుగు వేళ్ళకి ఒప్పుకుంటాను. పైకి మాత్రం ఐదంటాను," అన్నాడు శ్రీరాములు, వేలికంటిన చట్నీ నాకుతూ. "కాదనడానికి నోరేదీ? తల అడ్డంగా ఊపుదామన్నా కట్లాయె!"

పేరంటానికని గిన్నెలో పసుపూ సున్నమూ కలుపుతున్న సుభద్ర చెయ్యి ఆగింది. "పాపమండీ! వాళ్ళావిడ కామేశ్వరి నాకు తోడబుట్టినదానికన్నా ఎక్కువ."

"కాదనే నోరు వాళ్ళాయనకి లేదు, నీకుంది. అది మూసుకో."

సుభద్ర మూసుకుంది.

మర్నాడు పదింటికి అంబాసిడర్ కారు తోట గట్టున ఆగింది. బెజవాడ షావుకార్లు ఇద్దరు అప్పటికే చెట్ల నీడన కాచుక్కూర్చున్నారు. ఇవాళ ప్రభాకరరావుగారు బేరం తప్పితే ఈ తోట ఇక వాళ్ళదే.

కారు దిగిన ఆకారాన్ని చూసి అందరూ లేచి నిలబడ్డారు. గడ్డం కింది నుంచి నడినెత్తి దాకా తెల్ల కట్టు, దాని మీద మంకీ క్యాప్, నల్లకళ్ళద్దాలు. బుగ్గలు పెరుగులో నానిన ఆవడల్లా ఉబ్బి ఉన్నాయి. లాల్చీ వేలాడుతోంది. చేతులు కండువాలోంచి బయటికి రాలేదు.

"అయ్యగారు మాట్లాడరండి," అన్నాడు వెంట వచ్చిన పాలేరు పోతురాజు, ఆపరేషన్ తనే చేసినంత గొప్పగా. "దవడని రంపంతో కోసి, వెనక్కి నెట్టి, బిళ్ళలేసి బిగించారంట. పాలయినా జావయినా గొట్టంతోనే. కింది పెదవి మొద్దుబారిపోయి, మజ్జిగ కారినా తెలీదంట. ఇదిగోండి, కటింగ్ ప్లయర్. వాంతొచ్చిందంటే ఠకీమని తీగలు కత్తిరించేయాలి. నాకు ట్రైనింగ్ ఇచ్చారండి."

"ఎవర్రా ఇచ్చింది, డాక్టరా?" అన్నాడు శ్రీరాములు.

"అమ్మగారండి."

మధ్యవర్తి మల్లయ్య నవ్వాడు. "కొత్త మొహం బ్రహ్మాండంగా ఉందండీ ప్రభాకరరావుగారూ! కనబడితే ఇంకా బాగుండును."

ప్రభాకరరావుగారు తల దించుకుని, జారిన కండువాని లోపలినుంచే భుజం మీదికి పొందికగా సర్దుకున్నారు. దవడ కుట్టినవాళ్ళు పనిలో పనిగా మనిషికి కాస్త సిగ్గు కూడా కుట్టి పంపినట్టున్నారు, అనుకున్నాడు శ్రీరాములు.

మల్లయ్య తువ్వాలు కప్పాడు. దాని కింద చెయ్యి అందింది. సన్నగా, మెత్తగా, తడితడిగా ఉంది. నెల్లాళ్ళు జావ తాగిన చెయ్యి మరి, పైగా ఈ ఉక్కపోత! ఆ చెయ్యి మూడు వేళ్ళు పట్టుకుంది. శ్రీరాములు విదిలించాడు. నాలుగు పట్టుకుంది. శ్రీరాములు నొక్కాడు.

తువ్వాలు లాగి పారేసి లేచి నిలబడ్డాడు. "ఐదు వేళ్ళండీ! యాభై వేలు!"

కళ్ళన్నీ కట్టు వైపు తిరిగాయి. కట్టులోంచి కుయ్యి లేదు, కయ్యి లేదు. శ్రీరాములు ఆ ఐదో వేలితో మనసులో కొత్త స్కూటరు కొని, ఆగిరిపల్లి దాకా ఒక రౌండు కొట్టాడు కూడా.

తిరిగొచ్చేలోపే ప్రభాకరరావుగారు అతని మణికట్టు పట్టుకుని చేతిని గాల్లోకి ఎత్తారు.

నాలుగు వేళ్ళు మొదళ్ళ దాకా ఎర్రగా తడిసి ఉన్నాయి. బొటనవేలు మాత్రం ఒలిచిన వెల్లుల్లి రెబ్బలా తెల్లగా ఉంది.

"ఐదో వేలు ఇంట్లో పెట్టి వచ్చినట్టున్నారు శ్రీరాములుగారూ!" అన్నాడు మల్లయ్య. తోటంతా గొల్లుమంది. "నాలుగే. బేరం ఖాయం!"

ఇంటికొచ్చి శ్రీరాములు కుంకుడు పులుసుతో తోమాడు, ఇసకతో తోమాడు. ఎరుపు వదల్లేదు.

"ఏం రంగే ఇది? సింగపూర్‌దా?"

"పారాణండీ. పసుపూ సున్నమూను. రెండ్రోజులుంటుంది," అంది సుభద్ర చెంబుతో నీళ్ళు పోస్తూ.

"ప్రభాకరానికి పారాణెక్కడిది? అసలు నా ఎత్తు వాడికెలా తెలిసింది? నీతో తప్ప పురుగుతో కూడా అనలేదే!"

"నోరు మూసుకోమన్నారుగా. ఆయనతో ఒక్క ముక్క అన్లేదు నేను. అనడానికి ఆయన ఊళ్ళో ఉంటేగా! వాపు తగ్గలేదని సింగపూర్ డాక్టరు ఇంకో నెల కదలొద్దన్నాడట."

శ్రీరాములు తోమడం ఆపేశాడు. "మరి తోటలో నా చెయ్యి పట్టుకున్నదెవరే?"

సుభద్ర అతని చేతిని వెలుతురులోకి తిప్పి, తెల్లటి బొటనవేలిని ముచ్చటగా చూసుకుంది. "దీనికి మాత్రం అంటనివ్వకు అని కామేశ్వరికి మరీ మరీ చెప్పానండీ."