తలుపు దాగే గోడ

స్నానాలగదికి తలుపు లేకుండా మూడు రోజులు గడిచాయి.

నిజానికి తలుపు ఉంది. పక్క గోడ పొట్టలోకి జరిగి, అక్కడే బిగుసుకుపోయింది. లోపల మనిషి ఉన్నట్టు తెలియడానికి ఇంటాయన పాటలు పాడుతున్నాడు. ఆయన తల్లి పంతొమ్మిదో ఎక్కం అప్పజెబుతోంది.

ఆ ఇంటిని గీసిన ఆర్కిటెక్టు ఆ ఇంటి కోడలే. మూడు రోజులుగా ఆమెకు తిండి సహించడం లేదు.

వడ్రంగి మేస్త్రి రాగానే నడవలో నిలబెట్టి, అక్కడ గోడకు వేలాడుతున్న ఆ ఇంటి డ్రాయింగు ఫ్రేము అద్దం మీద గోటితో టకటకా కొట్టింది.

“కళ్లు పెట్టి చూడు! తలుపు వెడల్పు రెండున్నర అడుగులు. అది దాక్కోవడానికి గోడలో అంత ఖాళీ, ఆపైన ఇంకో అంగుళం. ఈ గోడలో పైపు లేదు, స్విచ్చి లేదు. మేకులు కొట్టరాదని ఎర్ర సిరాతో రాశాను. ఇంకేం చెయ్యాలి, నిన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుని దిద్దించాలా?”

“మీరు గీసింది గీసినట్టే కట్టానమ్మా. మొన్నమొన్నటిదాకా వెన్నలా జరిగిందిగా!”

“ఏం జరగడం! చట్రం వంగింది. కొత్త సైటులో నలభై తలుపులు నీకే ఇద్దామనుకున్నాను. ఆ ఆశ వదులుకో.”

మేస్త్రి ముఖం పాలిపోయింది. ముప్పై ఏళ్లలో అతని చేతిపనికి ఎవరూ వంక పెట్టలేదు.

“స్నానాలగదివైపు గోడ పలక ఒక్కసారి విప్పి చూస్తానమ్మా. నా తప్పని తేలితే, మీరు చెప్పినట్టే.”

“తప్పు చేసిందీ కాక, నా గోడ విప్పుతావా?”

అత్తగారు అడ్డుపడింది. “విప్పనియ్యవే అమ్మాయ్. శిక్ష వేసేముందు దొంగనైనా రెండు మాటలు చెప్పుకోనిస్తారు. పైగా నాకు వచ్చిన ఎక్కాలన్నీ అయిపోయాయి.”

ముగ్గురూ స్నానాలగదిలోకి వెళ్లారు. మేస్త్రి ఒక్కొక్క స్క్రూ విప్పి, పలకను పక్కన పెట్టి, టార్చి వేశాడు. చట్రం నిటారుగా ఉంది. పైన చక్రాలు, అవి జరిగే పట్టా శుభ్రంగా ఉన్నాయి. తలుపు నడుమ మాత్రం, చెక్కను చీల్చుకుని ఇవతలికి పొడుచుకొచ్చిన మేకు మొన ఒకటి మెరుస్తోంది.

“అదిగో!” అంది కోడలు. “వద్దని రాస్తే, సరిగ్గా అదే చేశావు!”

“నేను స్క్రూలు తప్ప వాడనమ్మా.”

“అయితే గోడకే మొలిచిందా? చాలించు. ఇదిగో, నీ పేరు కొట్టేయమని ఆఫీసుకు చెబుతున్నాను.” ఫోను చెవి దగ్గర పెట్టుకుంది.

మేస్త్రి సుత్తి అందుకుని మేకు మొనను వెనక్కి కొట్టాడు. ఒక దెబ్బ. రెండు.

మూడో దెబ్బకు, గోడకు అవతల నడవలో, మూడు రోజుల క్రితం కోడలు ముచ్చటపడి స్వయంగా మేకు కొట్టి తగిలించుకున్న ఆ డ్రాయింగు, అద్దంతో సహా భళ్లున నేల మీద పడింది.